కావ్యం, కవిలె: సర్ జేమ్స్ డగ్లస్ సరిహద్దు యుద్ధంపై సాగుతున్న వాదాలు

1318 మే నెలలో స్కాట్ల దండు ఉత్తర ఇంగ్లండ్‌లోని రిపన్ పట్టణం మీదికి వచ్చింది. జనం పెద్ద చర్చిలో చేరి తలదాచుకున్నారు. ఊరిని తగలబెట్టకుండా వదిలితే 1,000 మార్కులు ఇస్తామని ఒప్పుకున్నారు. మార్కు అంటే పౌండులో మూడింట రెండు వంతులు. అంత సొమ్ము అప్పటికప్పుడు పుట్టదు కాబట్టి ఊరివాళ్లలో కొందరిని జామీనుగా స్కాట్లండ్‌కు తీసుకుపోయారు. బాకీ పూర్తిగా తీరక, ఆ జామీనుదారుల భార్యలు తరవాత ఇంగ్లండ్ రాజుకు అర్జీ పెట్టుకున్నారు. అదే దాడిలో దగ్గరలోని నేర్స్‌బరోలో 160 ఇళ్లకు 140 కాలిపోయాయి.

ఆ దండును నడిపిన ఇద్దరు నాయకుల్లో సర్ జేమ్స్ డగ్లస్ ఒకడు, స్కాట్ల రాజు రాబర్ట్ బ్రూస్ మేనల్లుడు థామస్ రాండల్ఫ్ రెండోవాడు. స్కాట్లు డగ్లస్‌ను ‘మంచి సర్ జేమ్స్’ అన్నారు. సరిహద్దుకు దక్షిణాన ‘నల్ల డగ్లస్’ అన్నారు. ఆరున్నర శతాబ్దాలుగా అతని మీద రాసినవాళ్లు మూడు వేరువేరు ప్రశ్నలను ఒకటిగా కలిపేశారు: అతను ఎలాంటి మనిషి? అతను చేసింది యుద్ధమా, దోపిడీయా? ఆ దాడుల వల్ల స్కాట్లండ్‌కు ఒరిగిందేమిటి? మొదటిదానికి జవాబు కావ్యంలో వెతికి, ఆ జవాబుతోనే మిగతా రెండూ తేలిపోయాయని అనుకోవడం వల్ల వాదం ఇంత చిక్కుపడింది. వాటిని విడదీస్తే తప్ప ముందుకు దారి లేదు.

పోయిన భూమి

జేమ్స్ 1286 ప్రాంతంలో పుట్టాడు. తండ్రి విలియం 1296లో బెరిక్ కోటకు అధిపతి. ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ ఆ పట్టణాన్ని ఊచకోత కోసినప్పుడు కోటను అప్పగించి లొంగిపోయాడు. తరవాత మళ్లీ తిరగబడి, లండన్ టవర్ చెరలో ప్రాణాలు వదిలాడు. క్లైడ్ లోయలోని డగ్లస్ కోట, దాని చుట్టూ ఉన్న భూములు రాబర్ట్ క్లిఫర్డ్ అనే ఇంగ్లిష్ ప్రభువుకు దక్కాయి. కొంతకాలం పారిస్‌లో ఉండి వచ్చిన కుర్రవాడు సెయింట్ ఆండ్రూస్ బిషప్ లాంబర్టన్ పంచన చేరాడు. 1306 మార్చిలో రాబర్ట్ బ్రూస్ స్కోన్‌లో పట్టం కట్టుకునే వేళకు అతని పక్షాన నిలిచాడు.

అప్పటినుంచి 22 ఏళ్ల యుద్ధం. 1314 ఫిబ్రవరిలో తాళ్ల నిచ్చెనలతో రాక్స్‌బరో కోట ఎక్కాడు. అదే ఏడాది జూన్‌లో బానక్‌బర్న్‌లో పోరాడి, పారిపోతున్న రెండో ఎడ్వర్డ్‌ను డన్‌బార్ దాకా తరిమాడు. 1318లో బెరిక్ స్కాట్ల చేత చిక్కింది. మరుసటి ఏడు ఎడ్వర్డ్ దాన్ని ముట్టడిస్తే, డగ్లస్, రాండల్ఫ్ ముట్టడి జోలికి పోకుండా యార్క్‌షైర్‌లో చొరబడ్డారు. మైటన్ దగ్గర యార్క్ ఆర్చిబిషప్ మెల్టన్ హడావుడిగా పోగుచేసిన సైన్యాన్ని చెల్లాచెదురు చేశారు. అందులో పాదిరీలు ఎందరో ఉన్నారు. ఎడ్వర్డ్ ముట్టడి ఎత్తేయక తప్పలేదు. 1322లో బైలండ్ దగ్గర ఎడ్వర్డ్ స్వయంగా పట్టుబడబోయి తప్పించుకున్నాడు. 1327లో వియర్‌డేల్ దండయాత్ర, 1328లో ఎడిన్‌బరో–నార్తాంప్టన్ సంధి. 1330 ఆగస్టులో, అప్పటికి మరణించిన బ్రూస్ గుండెను వెంట మోస్తూ, స్పెయిన్‌లోని తేబా దగ్గర గ్రనాడా సేనలతో పోరులో డగ్లస్ చనిపోయాడు.

బార్బర్ కట్టిన డగ్లస్

ఈ కథలో ఎక్కువ భాగం మనకు అబర్డీన్ ఆర్చ్‌డీకన్ జాన్ బార్బర్ 1375 ప్రాంతంలో రాసిన ‘ది బ్రూస్’ కావ్యం ద్వారానే తెలుసు. అంటే డగ్లస్ పోయిన దాదాపు 45 ఏళ్లకు. అప్పుడు గద్దెమీద ఉన్నది బ్రూస్ మనవడు రెండో రాబర్ట్. డగ్లస్ వంశం దేశంలో అత్యంత బలమైన వంశాల్లో ఒకటి. జేమ్స్ తమ్ముడి కొడుకు విలియం 1358లోనే ఎర్ల్ అయ్యాడు. జేమ్స్ కొడుకు ఆర్చిబాల్డ్ సరిహద్దులో చక్రం తిప్పుతున్నాడు. రాజుకు, ఆ ప్రభువులకు మధ్య సయోధ్య అవసరమైన కాలం అది. కావ్యంలో రాజుకు సరిజోడుగా డగ్లస్‌ను నిలబెట్టడానికి ఈ అవసరమే కారణమని కొందరు పండితుల అభిప్రాయం. డగ్లస్ చరిత్రగా ఏదో పాత రచన బార్బర్ చేతిలో ఉండి ఉండవచ్చని కావ్యానికి పాఠపరిష్కరణ చేసిన ఆర్చీ డంకన్ వంటివారి ఊహ.

పరీక్షకు నిలవని చోట్లు కావ్యంలో ఉన్నాయి. బానక్‌బర్న్‌లో స్కాట్ సైన్యం నాలుగు దళాలని, ఒకదానికి డగ్లస్ నాయకుడని బార్బర్ అంటాడు. తక్కిన పాత కథనాల్లో మూడు దళాలే కనిపిస్తాయి. కావ్యం వినే పెద్దల తృప్తికోసం పుట్టిన దళం ఇది అని సోన్యా కామెరన్ వాదించింది. అయితే రెండో ఎడ్వర్డ్ జీవితం రాసిన అజ్ఞాత ఇంగ్లిష్ రచయిత మొదటి దళానికే డగ్లస్ నాయకుడంటాడు. డగ్లస్ వంశాన్ని మెప్పించాల్సిన పని అతనికి లేదు. కాబట్టి దళాల లెక్క తప్పయినా, ఆ రోజు డగ్లస్ ముందువరుసలో ఉన్న మాట పూర్తిగా కల్పన కాకపోవచ్చు.

ఇంతకంటే బరువైన సాక్ష్యం 1307 నాటి ఒక ఇంగ్లిష్ ఉత్తరం. డగ్లస్ తనను ఇంగ్లండ్ రాజు ప్రాపులోకి తీసుకోమని కబురు పంపాడని, ఇంగ్లిష్ సేన వెనక్కి తగ్గడం చూసి మనసు మార్చుకున్నాడని అందులో ఉంది. కావ్యంలో ఈ ఊసే లేదు. దీన్ని పట్టుకుని అతను అవకాశవాది అనేసినవారూ ఉన్నారు. అది తొందరపాటు తీర్పు. 1307 వసంతంలో బ్రూస్ అడవులు పట్టి తిరుగుతున్నాడు. అతని తమ్ముళ్లు ముగ్గురు అప్పటికే ఉరికంబం ఎక్కారు. ఇరవై ఏళ్లు దాటిన, గజం భూమి లేని యువకుడు రెండు దారులూ చూసుకోవడంలో వింత లేదు. ఈ ఉత్తరం చెబుతున్న ముఖ్యమైన సంగతి వేరు: డగ్లస్ యుద్ధానికి తొలి ప్రేరణ తండ్రి భూమి. దేశం, రాజు, భూమి అతనిలో ఒకటిగా ముడిపడడానికి కొంతకాలం పట్టింది.

డగ్లస్ కోటలో కొట్టుగది

1307 మట్టల ఆదివారం నాడు డగ్లస్ కొందరు అనుచరులతో సొంత ఊరి చర్చిలో ప్రార్థనకు వచ్చిన కోట కాపలాదారులపై పడ్డాడని బార్బర్ కథ. పట్టుబడినవాళ్ల తలలు కోట సామాన్ల కొట్టులో నరికించి, ధాన్యం, పిండి, సారాయి, నెత్తురు కలగలిపి మొత్తం తగలబెట్టాడు. ఇది ‘డగ్లస్ కొట్టు’ అనే పేరుతో నిలిచిపోయింది. 19వ శతాబ్దంలో వాల్టర్ స్కాట్ పిల్లలకు చెప్పిన చరిత్ర కథల ద్వారా ప్రతి ఇంటికీ చేరింది.

ఈ ఘటనకు బార్బర్ తప్ప సాక్షి లేడు. ఏడాది 1307 కాదు, 1308 అన్న వాదన కూడా ఉంది. డగ్లస్ తన కోటపై పదేపదే పడ్డాడన్న దానిపై మాత్రం ఎక్కువమందికి అనుమానం లేదు. దీన్ని ఎలా చదవాలన్నదే తగవు. నిలుపుకోలేని కోటను శత్రువుకు పనికిరాకుండా చేయడం బ్రూస్ పక్షం అంతటా పాటించిన పద్ధతి. పట్టుకున్న కోటలను కూల్చేశారు, రాక్స్‌బరోతో సహా. ఆ వరుసలో చూస్తే ధాన్యం పాడుచేయడం యుద్ధనీతి. లొంగినవాళ్లను చంపడం ఆ లెక్కలో ఇమడదు. అది భయపెట్టడానికి చేసిన పని, చేసినవాడికీ ఆ సంగతి తెలుసు. బార్బర్ దాన్ని దాచకుండా చెప్పడం గమనించదగ్గది. శౌర్యాన్ని కీర్తించే కావ్యం తన నాయకుడి చేత ఇంత పని చేయించి, పేరుపెట్టి మరీ నిలిపింది. ఆ కాలపు శ్రోతకు శౌర్యానికీ ఇలాంటి క్రూరత్వానికీ పొత్తు కుదిరేదన్నమాట. ఆధునిక అభిమానులు ఈ అధ్యాయాన్ని మెత్తబరచబోవడం బార్బర్‌కే అన్యాయం.

కప్పం లెక్కలు

1958లో జీన్ స్కామెల్ ఉత్తర ఇంగ్లండ్ కొనుక్కున్న సంధులపై రాసిన వ్యాసంతో వాదం కావ్యాన్ని దాటి కవిలెల్లోకి వచ్చింది. డరం మఠం లెక్కలు, అర్జీలు, రసీదులు వెలుగులోకి వచ్చాయి. 1997లో కోల్మ్ మెక్‌నామీ ‘బ్రూస్ సోదరుల యుద్ధాలు’ పేరిట రాసిన పుస్తకంలో ఈ దాడులను ఆ సోదరుల ఐర్లండ్ దండయాత్రతో, సముద్రంమీది సరఫరా దారులతో కలిపి చూపించాడు.

కాగితాల్లో కనిపించే డగ్లస్ వేరు. 1311లో నార్తంబర్లండ్ జనం మరుసటి ఫిబ్రవరి దాకా సంధికోసం 2,000 పౌండ్లు ఇవ్వజూపారని లానర్‌కాస్ట్ వృత్తాంతం అనే ఇంగ్లిష్ రచన చెబుతుంది. 1312లో డగ్లస్, రాజు తమ్ముడు ఎడ్వర్డ్ బ్రూస్ సంతరోజున డరం మీద పడి దోచారు. ఆ ప్రాంతం వాళ్లు డబ్బిచ్చి కొనుక్కున్న సంధిలో ఒక షరతు ఉంది: ఇంకా దక్షిణానికి దాడికి పోయే స్కాట్లకు రానుపోను దారి అడ్డుచెప్పకుండా వదలాలి. కట్టిన జిల్లాకు రక్షణ, కట్టని జిల్లాకు నిప్పు. గడువు తీరగానే మళ్లీ బేరం. 1311 దాడిలో ఎదిరించినవాళ్లను తప్ప ఎక్కువమందిని చంపలేదని అదే వృత్తాంతం ఒప్పుకుంటుంది. శత్రుపక్షపు రచయిత నోట వచ్చింది కాబట్టి ఆ మాటకు విలువ ఉంది. చచ్చినవాడు కప్పం కట్టడు. ఈ పద్ధతిలో పశువుకు, పంటకు, ఇంటికి ఉన్న విలువ మనిషి ప్రాణానికీ ఉంది.

దండు కదిలే తీరు కూడా దీనికి తగ్గదే. 1327లో ఇంగ్లిష్ పక్షాన వచ్చిన జాన్ లె బెల్ అనే లీజ్ వాసి కళ్లారా చూసి రాశాడు. స్కాట్లు బళ్లు తేరు. చిన్న గుర్రాల మీద వస్తారు. జీను కింద ఒక ఇనుప రేకు, వెనక ఒక సంచి ఓట్ పిండి. పట్టిన పశువుల మాంసం వాటి తోళ్లలోనే ఉడికిస్తారు, పిండి కలిపి రేకుమీద రొట్టె కాల్చుకుంటారు. సరుకుల బళ్లకోసం ఆగే సైన్యం వీళ్లను అందుకోలేకపోయింది.

ఈ పరిశోధన తరవాత ‘దోపిడీ ముఠా’ అన్న పాత ఇంగ్లిష్ మాట నిలవదు. ముఠాకు రసీదులు, గడువులు ఉండవు. ‘స్వాతంత్ర్యసమరం’ అన్న మాట కూడా ఒక్కటే సరిపోదు. రిపన్‌లో జామీనుగా పోయినవాళ్ల కుటుంబాలకు ఏ స్వాతంత్ర్యంతోనూ పేచీ లేదు.

కాలిపోయిందెంత, కాల్చిందెవరు?

1291లో పోప్ నాలుగో నికొలస్ చర్చిల ఆదాయాలకు విలువ కట్టించాడు. 1318లో ఉత్తరాది చర్చిలకు కొత్త విలువ కట్టవలసివచ్చింది. ఎన్నో చోట్ల పాత అంకె కుప్పకూలింది, కొన్నిటికి విలువే లేదని రాశారు. పాత తరం చరిత్రకారులు ఈ తేడా మొత్తం స్కాట్ల ఖాతాలో వేశారు.

అలా వేయడం కుదరదని 1973లో ఇయన్ కెర్షా చూపించాడు. 1315 నుంచి వరసగా వానలు, పంటనష్టం, యూరప్ ఉత్తరభాగమంతా కరువు. దాని వెనకే గొర్రెలకు, పశువులకు తెగుళ్లు. ఏనాడూ స్కాట్ గుర్రం తొక్కని దక్షిణాది పల్లెలు కూడా కుదేలయ్యాయి. యార్క్‌షైర్‌లోని బోల్టన్ ప్రయరీ అనే మఠం మీద కరువూ పడింది, 1318, 1319 దాడులూ పడ్డాయి. దేని వాటా ఎంతో అంకెల్లో విడదీయడం అసాధ్యం. పన్ను తగ్గించుకోవాలంటే నష్టం ఎక్కువ చెప్పాలన్న తెలివి పాదిరీలకు లేదనుకోవడమూ అమాయకత్వమే.

మూడో సంగతి ఉత్తరాదివాళ్లే చేసిన దోపిడీ. నార్తంబర్లండ్‌లో ‘షావల్డోర్లు’ అనే సాయుధ ముఠాలు తిరిగేవి. జీతం అందని ఇంగ్లిష్ కోటకాపలాలు పక్క పల్లెల పశువులు తోలుకుపోయేవి. 1317లో గిల్బర్ట్ మిడిల్టన్ అనే నైట్ డరం దారిలో పోప్ పంపిన కార్డినళ్లనే దోచాడు. ఈ ముఠాలపై ఆండీ కింగ్ చేసిన పని సరిహద్దు చిత్రాన్ని మార్చింది. రైతుకు దక్షిణం నుంచి వచ్చిన చేయి, ఉత్తరం నుంచి వచ్చిన చేయి రెండూ ఒకే తీరున కనిపించి ఉంటాయి.

ఇంగ్లిష్ రైతు గురించి ఇంత చర్చ జరిగింది. స్కాట్ రైతు సంగతి? 1322లో ఎడ్వర్డ్ దండెత్తి వస్తుంటే బ్రూస్ లోథియన్‌ను తానే పాడుపెట్టించాడు. ఆ ప్రాంతమంతటా ఇంగ్లిష్ సైన్యానికి ఒక్క కుంటి పశువే దొరికిందని బార్బర్ ఉత్సాహంగా చెబుతాడు. ఎడ్వర్డ్ సైన్యం ఆకలితో వెనుదిరిగింది. ఆ ఏడు లోథియన్ రైతు ఏం తిన్నాడని కావ్యమూ అడగదు, అభిమానులూ అడగరు. డగ్లస్ ఏలిన జెడ్‌బరో, టెవియట్‌డేల్ పల్లెల నుంచి డరం లెక్కలవంటివి మనకు మిగల్లేదు. ఈ చర్చలో అతి పెద్ద లోటు ఇదే అని నా అభిప్రాయం. సాక్ష్యం మిగిలినవాడి బాధ చరిత్ర అయింది, మిగలనివాడిది ‘వ్యూహం’ అయింది.

యుద్ధం పెంచిన వంశం

మైకేల్ బ్రౌన్ 1998లో నల్ల డగ్లస్ వంశంపై రాసిన పుస్తకంతో చర్చ ఇంకో మలుపు తిరిగింది. సరిహద్దు యుద్ధం డగ్లస్ చేసింది మాత్రమే కాదు, డగ్లస్‌ను చేసింది కూడా. ఎట్రిక్ అడవి, జెడ్‌బరో, ఇంకా ఎన్నో భూములు అతనికి దక్కాయి. 1324లో బ్రూస్ ఇచ్చిన ‘పచ్చల శాసనం’ డగ్లస్‌కు అతని భూముల్లో విస్తృతమైన న్యాయాధికారం కట్టబెట్టింది. దాని వెనక కథ కూడా లెక్కల కథే. బైలండ్‌లో పట్టుబడిన ఫ్రెంచ్ నైట్ల విడుదల ధనం 4,400 మార్కులు డగ్లస్‌కు రావాలి. రాజు రాజకీయ కారణాలతో వాళ్లను ఊరికే వదిలేశాడు, బదులుగా ఈ హక్కులు, గుర్తుగా ఒక పచ్చల ఉంగరం ఇచ్చాడు.

1296కు ముందు సరిహద్దుకు రెండు వైపులా భూములున్న కుటుంబాలు ఎన్నో. డగ్లస్‌లకే నార్తంబర్లండ్‌లో ఫాడన్ ఉండేది. ఒక తరం యుద్ధం ఆ బంధాలను తెంపింది, ఆ స్థానంలో కత్తితో బతికే ప్రభువులు లేచారు. యుద్ధం సాగితేనే వాళ్ల పరపతి సాగుతుంది. ఈ దృష్టితో జేమ్స్‌ను స్వార్థపరుడిగా చూపడానికి ఆధారం చాలదు. 1328 సంధిని అతను చెడగొట్టినట్టు ఎక్కడా లేదు. అయితే 1329లో మూడో ఎడ్వర్డ్ అతనికి తండ్రి ఇంగ్లిష్ భూములు తిరిగి ఇచ్చాడు. అదే సమయంలో స్కాట్లండ్‌లో భూములు పోగొట్టుకున్న ఇంగ్లిష్ ప్రభువులు అర్జీలు పట్టుకుని తిరుగుతూనే ఉన్నారు. శాంతి కూలడానికి ఈ అసమానత ఒక కారణం.

వియర్‌డేల్: గెలిపించిందేమిటి?

దాడుల ఫలితం మీద అసలు తగవు ఇక్కడే. 1311 నుంచి 1323 దాకా ఉత్తరం ఎంత కాలినా రెండో ఎడ్వర్డ్ బ్రూస్‌ను రాజుగా ఒప్పుకోలేదు. కార్లైల్‌ను కాపాడిన ఆండ్రూ హార్క్లే 1323లో విసిగి తనంతట తానే బ్రూస్‌తో ఒప్పందం చేసుకుంటే, ఎడ్వర్డ్ అతన్ని ద్రోహి అని చంపించాడు. ఉత్తరాది బాధ దక్షిణాన ఉన్న రాజును కదిలించలేదు. ఆ ఏడు కుదిరింది 13 ఏళ్ల సంధి మాత్రమే.

1327లో ఎడ్వర్డ్‌ను దించేశాక, 14 ఏళ్ల కొడుకు పేరుమీద రాణి ఇసబెల్లా, ఆమెతో చేరిన మోర్టిమర్ అనే ప్రభువు పాలిస్తున్నారు. స్కాట్ల దండు వియర్ నది ఒడ్డున ఎక్కడుందో ఇంగ్లిష్ సైన్యానికి రోజుల తరబడి తెలియలేదు. జాడ చెప్పినవాడికి భూమి, నైట్ పదవి ఇస్తామన్నారు. స్టాన్‌హోప్ దగ్గర డగ్లస్ రాత్రిపూట శిబిరంలోకి దూసుకెళ్లి బాలరాజు గుడారం తాళ్లు తెంపాడు. తరవాత ఒక రాత్రి మంటలు వెలుగుతుండగానే స్కాట్లు జారుకున్నారు. ఖజానా ఖాళీ అయింది, కుర్రరాజు ఏడ్చాడు. మరుసటి ఏడు సంధి: స్కాట్లండ్ స్వతంత్రం, స్కాట్లు 20,000 పౌండ్లు చెల్లించాలి. అది దాడుల నష్టపరిహారమా, శాంతి వెలా అన్నదానిపైనా ఏకాభిప్రాయం లేదు.

దాడులే శాంతి తెచ్చాయన్నవారు వియర్‌డేల్‌ను చూపుతారు. మోర్టిమర్ ప్రభుత్వం బలహీనతే తెచ్చిందన్నవారు అంతకుముందు పదహారేళ్ల నిష్ఫలాన్ని చూపుతారు. నాకు రెండో వాదమే బరువుగా కనిపిస్తుంది, ఒక సవరణతో. దాడులు బలమైన ప్రభుత్వాన్ని వంచలేకపోయాయి. కానీ బలహీన ప్రభుత్వం వచ్చిన క్షణంలో దాన్ని విరిచే శక్తిని, అనుభవాన్ని, గుర్రాలను, సొమ్మును సిద్ధంగా ఉంచాయి. పైగా 1332లో భూములు పోయిన ప్రభువులు దండెత్తారు, 1333లో బెరిక్ పట్టణాన్ని విడిపించబోయి హాలిడన్ కొండ దగ్గర స్కాట్లు చిత్తయ్యారు. ఆ సైన్యాన్ని నడిపి చనిపోయిన ఆర్చిబాల్డ్ డగ్లస్ జేమ్స్ తమ్ముడే. అన్న కావాలని తప్పుకున్న ముఖాముఖి పోరు తమ్ముడికి తప్పలేదు. దండుతో దాడి చేయడం, పట్టణాన్ని విడిపించడం వేర్వేరు విద్యలు.

నాలుగు దారులు, తేలని ముళ్లు

బార్బర్ నుంచి వాల్టర్ స్కాట్ దాకా వచ్చిన సంప్రదాయం మనిషిని చూస్తుంది. ధైర్యం, విశ్వాసం బాగా పట్టుకుంటుంది, ఖర్చు ఎవరు మోశారో చూడదు. ఇంగ్లిష్ వృత్తాంతాల దారి బాధితుడిని చూస్తుంది, ఎడ్వర్డ్‌లు స్కాట్లండ్‌లో చేసింది మరిచిపోతుంది. లెక్కల దారి పద్ధతిని స్పష్టంగా చూపింది, అయితే కాగితం మిగలని చోట మౌనంగా ఉండిపోతుంది. వంశాధికారపు దారి యుద్ధం తరవాతి శతాబ్దాన్ని వివరిస్తుంది, 1307లో ఏమీ లేని యువకుడి తెగువను మాత్రం అంత బాగా వివరించలేదు. నా దృష్టిలో మూడోదే పునాది కావాలి, మిగతావి దానిమీద నిలబడగలిగినంత వరకే నిలబడాలి.

అయినా ఆ పునాదిలో ఒక ఖాళీ ఉంది. ఉత్తర ఇంగ్లండ్ కట్టిన కప్పం ఎంతో కొంతవరకు తెలుసు. అది స్కాట్లండ్ చేరాక ఏమైంది? రాజు ఖజానాకు ఎంత పోయింది, డగ్లస్ చేతికి ఎంత మిగిలింది, దండులో వచ్చిన మామూలు మనిషి వాటా ఎంత? ఇది తెలిస్తే రాజుగారి యుద్ధం ఎక్కడ ఆగి ప్రభువు సంపాదన ఎక్కడ మొదలైందో చెప్పగలం. స్కాట్ ఖజానా లెక్కలు వరుసగా మిగిలింది 1327 ప్రాంతం నుంచే, అంటే కప్పం వసూలు దాదాపు ఆగిపోయాక. అందుకే ఇప్పటి పరిశోధన అటు లెక్కలకోసం ఎదురుచూడకుండా, ఇటు డరం మఠం రసీదుల్లో సొమ్ము అందుకున్నవాళ్ల పేర్లను ఒక్కొక్కటిగా పోల్చుకోవలసి వస్తోంది.